బెల్‌ఫాస్ట్ నుంచి: రెండు తాళాల ప్రభుత్వం

ఒరేయ్ రవీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. రెండు మతాలు కొట్టుకునే చోట పదవులు చెరిసగం పంచేస్తే గొడవే ఉండదు, మీ బెల్‌ఫాస్ట్‌లో చేసింది అదేగా అన్నావు. సగం నిజమే. మిగతా సగం ఫోన్లో చెబితే మధ్యలో దూరి వాదిస్తావని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ, అంటే బెల్‌ఫాస్ట్ రాజధానిగా ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో, కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కొట్టుకున్నది దేవుడి గురించి కాదురా. నువ్వు ఏ చర్చికి వెళ్తావన్నది, నువ్వు బ్రిటన్‌తో ఉంటావా ఐర్లండ్‌తో కలుస్తావా అన్నదానికి గుర్తు మాత్రమే. ప్రొటెస్టెంట్లు ఎక్కువగా బ్రిటన్ వైపు (యూనియనిస్టులు), కాథలిక్కులు ఎక్కువగా ఐర్లండ్ వైపు (నేషనలిస్టులు). పదిహేడో శతాబ్దం మొదట్లో రాజుగారు స్కాట్లండ్ నుంచీ ఇంగ్లండ్ నుంచీ ప్రొటెస్టెంట్లను తెచ్చి ఇక్కడి కాథలిక్కుల భూముల్లో దింపాడు. 1921లో ఐర్లండ్‌ను విడగొట్టినప్పుడు ప్రొటెస్టెంట్లు మెజారిటీ అయ్యేలా ఆరు కౌంటీలు విడదీసి బ్రిటన్‌లో ఉంచేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఒకటే పార్టీ రాజ్యం. డెర్రీ ఊళ్లో కాథలిక్కులే ఎక్కువ, కానీ వార్డులు గీసిన తీరుకి కౌన్సిల్ మాత్రం ఎప్పుడూ అవతలి వాళ్లదే. పైగా కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఇంటిపన్ను కట్టే వాళ్లకూ వాళ్ల భార్యలకూ భర్తలకే. అంటే ఇల్లు కేటాయిస్తే ఓటు ఇచ్చినట్టే. ఇక కాథలిక్కులకు ఇళ్లు ఎందుకు దొరికేవి కావో నువ్వే ఊహించుకో. 1968లో సమాన హక్కుల కోసం ఊరేగింపులు, వాటి మీద పోలీసు లాఠీలు, ఆ తర్వాత తుపాకులు, బాంబులు. ముప్పై ఏళ్లలో దాదాపు 3,500 మంది పోయారు. మొత్తం జనాభా పదిహేను, పదహారు లక్షలున్న చోట ఇది చిన్న లెక్క కాదు.

1998 ఏప్రిల్ 10న, గుడ్‌ఫ్రైడే రోజు, ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఫస్ట్ మినిస్టర్ ఒక వైపు మనిషి అయితే, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ అవతలి వైపు మనిషి. పేరుకే డిప్యూటీ, అధికారాలు ఇద్దరికీ ఒకటే. బ్యాంకు లాకర్ చూశావుగా, నీ తాళం ఒక్కటే పెడితే తెరుచుకోదు. ఇదీ అంతే. ఒకరు రాజీనామా చేస్తే రెండో వాళ్ల పదవీ ఆ క్షణమే పోతుంది.

ఈ ఏర్పాటు ఎంత దాకా వెళ్లిందంటే, 2017లో ప్రభుత్వం పడిపోయింది బాయిలర్ల మీద! నవ్వకు. చెక్క గుళికలతో నడిచే బాయిలర్లకు సబ్సిడీ ఇచ్చారు. ఆ సబ్సిడీ ఇంధనం ఖర్చుకన్నా ఎక్కువ. కాల్చేకొద్దీ లాభం అన్నమాట. ఆ పథకం మొదలైనప్పుడు ఆ శాఖ చూసిన మంత్రి ఆర్లీన్ ఫోస్టర్ అప్పటికి ఫస్ట్ మినిస్టర్. విచారణ అయ్యేదాకా పక్కకు తప్పుకోమంటే తప్పుకోలేదు. డిప్యూటీ మార్టిన్ మెగ్గినెస్ రాజీనామా పడేశాడు. మూడేళ్లు ప్రభుత్వం లేదు! గుమాస్తాలూ కార్యదర్శులే నెట్టుకొచ్చారు. 2019 డిసెంబర్‌లో జీతాల కోసం నర్సులు సమ్మెకు దిగారు, ఆ పికెట్లలో రెండు వైపుల వాళ్లూ ఉన్నారు. 2020 జనవరికి నాయకులు మళ్లీ కూర్చున్నారు. 2022లో ఇంకోసారి ప్రభుత్వం పడింది, బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ని వదిలెయ్యడం) తర్వాత సరుకుల తనిఖీ ఎక్కడ పెట్టాలన్న తగాదాతో, ఈసారి యూనియనిస్టుల వంతు. ఇంకో రెండేళ్లు ఖాళీ. 1998 నుంచి లెక్కేస్తే మూడో వంతుకు పైగా కాలం ఈ ప్రభుత్వం మూతబడే ఉంది.

అయినా నేను దీన్ని తీసిపారెయ్యను. 2021 జనాభా లెక్కల్లో కాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్లు 45.7 శాతం, ప్రొటెస్టెంట్లూ ఇతర క్రైస్తవులూ 43.5 శాతం. 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టర్ అయింది, ఐర్లండ్ ఏకం కావాలనే పార్టీ మనిషి. ప్రొటెస్టెంట్ల కోసమే గీసిన సరిహద్దు లోపల ఇది జరిగితే, యాభై ఏళ్ల క్రితమైతే వీధులు తగలబడేవి. ఆ రోజు మా ఆఫీసులో అందరూ లంచ్ ఏం తినాలని మాట్లాడుకున్నారు. నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

కానీ కింద వీధుల్లో కథ వేరు. కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్డుకీ ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్డుకీ మధ్య గోడ ఇంకా ఉంది, 1969లో మొదలైనది. దాని గేట్లు కొన్ని రాత్రిళ్లు మూసేస్తారు. 2023 కల్లా ఇలాంటి గోడలన్నీ తీసేస్తామని 2013లో ప్రకటించారు. ఆ తేదీ దాటిపోయింది, గోడలు ఉన్నాయి. పక్కనే బతికే వాళ్లే, అది ఉంటేనే నిద్ర పడుతుంది అంటారు. రెండు వైపుల పిల్లలూ కలిసి చదవాలని పెట్టిన బడుల్లో చదివేది నూటికి ఏడెనిమిది మందే. మా పాపకి సీటు వెతికేటప్పుడు మాత్రం మాకు భలే టెన్షన్.

నీ చెరిసగం లెక్కలో నువ్వు చూడనిది ఇంకొకటుంది. అసెంబ్లీలో 90 మంది. గెలిచిన ప్రతివాడూ తాను యూనియనిస్టో, నేషనలిస్టో, ‘ఇతరుడో’ రాసివ్వాలి. ముఖ్యమైన విషయాల్లో రెండు వర్గాల మద్దతూ విడివిడిగా లెక్కేస్తారు. ‘ఇతరుల’ ఓటు మొత్తం లెక్కలో ఉంటుంది, ఆ వర్గాల లెక్కలో ఉండదు. మధ్యేమార్గం అనే అలయెన్స్ పార్టీకి 2022లో 17 సీట్లొచ్చాయి. వాళ్ల మాట బరువు మాత్రం అప్పటికీ తక్కువే. కొట్లాట ఆపడానికి ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు సరే, కొట్లాటలో లేనివాడికి కుర్చీ వెయ్యడం మర్చిపోయారు.

2024 ఆగస్టులో ఇక్కడ వలసదారుల మీద అల్లర్లు జరిగాయి. ఆ గుంపులో ఐరిష్ జెండా, బ్రిటిష్ జెండా పక్కపక్కనే కనిపించాయి. ఇన్నేళ్లుగా కలవనివి నాలాంటివాణ్ణి వెళ్లగొట్టడానికి కలిశాయి! కంగారు పడకు, మేం ఆ వారం సాయంత్రాలు బయటికి వెళ్లలేదు, అంతే. అమ్మకి మాత్రం చెప్పకు.

అన్నట్టు, ఇక్కడ నాకూ ఓటుంది. కామన్వెల్త్ దేశపు పౌరుడు వీసా మీద ఉన్నా వెయ్యొచ్చు. అసెంబ్లీ ఎన్నికలు 2027 మేలో. బ్యాలెట్ మీద ఒకరికే గుద్దడం కాదు, 1, 2, 3 అని వరుసగా అంకెలు వెయ్యాలి. నా 1 ‘ఇతరులకే’, దానికి తిరుగులేదు. 2, 3 దగ్గర మా ఆవిడకీ నాకూ రోజూ వాదనే. నువ్వు ఎవరికి వేస్తావో ఆలోచించి చెప్పు, ఈసారి వాయిస్ మెసేజ్ కాదు, రాసి పంపు.

నీ
సూరి