గోదాము మంటల తర్వాత మాకు అండగా నిలిచిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. మా వీధి వెనక ఉన్న పాత గోదాము తగలబడిన సంగతి మీకు తెలిసిందే. దాని పైకప్పంతా ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే సన్నటి ఖనిజ పోగులు) కలిపిన సిమెంటు రేకులు. మంటలు ఆరిపోయాకే మాకు అసలు కష్టం మొదలైంది. చివరి గాలి పరీక్ష ఫలితం వచ్చింది, పార్కు గేటు మళ్ళీ తెరిచారు. ఇన్నాళ్ళూ మనసులో దాచుకున్న మాటలు ఇప్పుడు చెప్పాలనిపించింది. పేర్లు పెట్టొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరికి వాళ్ళకు తెలిసిపోతుంది.

మొదటి దండం అగ్నిమాపక సిబ్బందికి. సిమెంటు రేకు మంటల్లో పడితే లోపల చిక్కుకున్న తేమ ఆవిరై, రేకు టపటపా పేలిపోతుంది. ఆ ముక్కలు పొగతో పాటు పైకి లేచి గాలివాటున ఎక్కడెక్కడో పడతాయి. ఆ పేలుళ్ళు వినగానే పైకప్పు దేనితో చేశారో వాళ్ళ అధికారి పసిగట్టారు. గాలి వీస్తున్న వైపు ఇళ్ళకు వెంటనే మనుషుల్ని పంపి, కిటికీలు మూయించి, పిల్లల్ని, పెద్దవాళ్ళని లోపలికి పంపించారు. మంట అదుపులోకి వచ్చాక శిథిలాల మీద ధారగా కొట్టే నీళ్ళు ఆపి తుంపరగా చల్లించారు. ధార తగిలితే పొడి ఇంకా చెదురుతుందట. తిరిగి బండి ఎక్కేముందు ఒకరి బట్టలు ఒకరు తడిపి కడుక్కోవడం మా మేడ మీది కిటికీలోంచి చూశాం. అంత అలసటలోనూ ఆ పని ఒక్కరూ వదిలిపెట్టలేదు.

ఇక పర్యావరణ విభాగం నుంచి వచ్చిన ఆ మేడమ్ గారికి. తెల్లారేసరికి వాకిళ్ళ నిండా మసి, పిట్టగోడల మీద బూడిదరంగు పెంకులు. అలాంటప్పుడు ఎవరికైనా చెయ్యి చీపురు మీదకే పోతుంది. సరిగ్గా ఆ సమయానికి ఆవిడ ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట ఒక్కటే: "ఊడవకండి, దులపకండి, ముక్కల్ని చేత్తో తీయకండి. మా వాళ్ళు వస్తారు." ఎందుకని అడిగిన ప్రతి ఒక్కరికీ విసుక్కోకుండా వివరించారు. ఆస్బెస్టాస్ పోగులు కంటికి కనపడనంత సన్నవి. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్ళేవి 3 మైక్రాన్ల కంటే తక్కువ మందం ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పొడిగా ఉన్నప్పుడు కదిపితే గాలిలోకి లేచి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వాటిని పట్టుకోలేదు, ఒకవైపు పీల్చి ఇంకోవైపు గదిలోకి వదిలేస్తుంది. 0.3 మైక్రాన్ల కణాల్లో కూడా 99.97 శాతాన్ని ఆపగలిగే హెపా ఫిల్టరు ఉన్న ప్రత్యేక యంత్రాలే ఇందుకు పనికొస్తాయి. గడ్డి కోసే మిషను కూడా ఆపేయమని ఆవిడ చెప్పారు, గడ్డిలో పడిన ముక్కల్ని అది పిండి చేసేస్తుందని.

ఆవిడకు నేను ఎక్కువగా రుణపడింది ఇంకో విషయంలో. గోదాము యజమాని తరఫున వచ్చినవాళ్ళు "వట్టి సిమెంటు పొడి, కడిగేస్తే పోతుంది" అని తేల్చేశారు. ఫోన్లలో మాత్రం "ఆ పొగ పీల్చినవాళ్ళందరికీ క్యాన్సరే" అనే సందేశాలు తిరిగాయి. ఈ రెంటి మధ్య ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పారు. ముక్కల్ని పరీక్షకు పంపి, అందులో క్రిసోటైల్ రకం ఆస్బెస్టాస్ ఉందని తేలాక కాగితం తెచ్చి చూపించారు. రేకు విరిగినా పోగులు చాలావరకు సిమెంటులోనే అంటుకుని ఉంటాయి, ఒక్కరోజు పొగ పీల్చినంత మాత్రాన ముప్పు చాలా తక్కువ అన్నారు. అదే నోటితో, ఇంత వరకైతే హాని లేదని చెప్పగల హద్దు ఆస్బెస్టాస్‌కు తేలలేదనీ, అందుకే ఇకముందు ఒక్క పోగు కూడా అనవసరంగా పీల్చకూడదనీ చెప్పారు. భయపెట్టకుండా, దాచకుండా మాట్లాడే అధికారి దొరకడం మా అదృష్టం.

మా డాక్టరు గారికి కూడా ఇందుకే కృతజ్ఞతలు. ఎక్స్‌రే తీయమని మేం క్యూ కట్టాం. ఆయన డబ్బులకు ఆశపడకుండా కూర్చోబెట్టి చెప్పారు: ఆస్బెస్టాస్ జబ్బులు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది, మీసోథీలియోమా అనే క్యాన్సరైతే 20 నుంచి 50 ఏళ్ళు కూడా పట్టొచ్చు, ఇప్పుడు తీసే ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. దానికి బదులు సిగరెట్ తాగేవాళ్ళు ఇవాళే మానేయండి అన్నారు. పొగాకు, ఆస్బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందట. మా ఇంట్లో ఒకరు ఆ మాట విని మానేశారు.

శుభ్రం చేసిన కార్మికుల గురించి ఎంత రాసినా నాకు తక్కువే. ఎండలో ఒళ్ళంతా కప్పే తెల్లటి సూట్లు, ముఖానికి బిగుతుగా పట్టే ఫిల్టరు మాస్కులు. గుడ్డ మాస్కు ఆ పోగుల్ని ఆపలేదు కాబట్టి అవి తప్పవు. ముందు డ్రెయినేజీ మూతల చుట్టూ ఇసుక మూటలు పేర్చి, మురికినీళ్ళు కాలవలోకి పోకుండా కట్టేశారు. తర్వాత కొంచెం సబ్బు ద్రవం కలిపిన నీళ్ళు మెల్లగా పిచికారీ చేసి, ముక్కలు బాగా నానాకే ఒక్కొక్కటీ ఏరారు. విరగ్గొట్టడం లేదు, విసిరేయడం లేదు. మందపాటి పాలిథిన్ సంచిలో వేసి, మెడ మెలిపెట్టి టేపు చుట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్ళీ టేపు. పైన హెచ్చరిక చీటీ. పూలకుండీల మధ్య, పిల్లల జారుడుబల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని గోరంత ముక్కలు కూడా ఏరారు.

పని దిగేటప్పుడు వాళ్ళు సూటు విప్పే తీరు నాకు ఇంకా కళ్ళముందే ఉంది. ముందు తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుచుకుని, సూటును లోపలి వైపు బయటికి వచ్చేలా మెల్లగా చుట్టుకుంటూ కాళ్ళదాకా దించి సంచిలో వేసేవాళ్ళు. అప్పటిదాకా మాస్కు ముఖం మీదే ఉండేది, అది తీయడం అన్నిటికంటే చివర. ఆ పొడి అంటిన బట్టలతో ఇంటికి చేరితే ఇంట్లోవాళ్ళకు ముప్పు. కార్మికుల బట్టలు ఉతికిన భార్యలకు ఆస్బెస్టాస్ జబ్బులు వచ్చిన దాఖలాలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. మా దగ్గర శుభ్రం చేసినవాళ్ళలో ఒకమ్మాయితో మాట కలిపితే, "మా పాప నన్ను చూడగానే వచ్చి కౌగిలించుకుంటుందండీ, అందుకే తొందరపడను" అంది. ఆ తల్లికి నా నమస్కారాలు.

అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు కూడా గొప్ప సాయం చేశారు. 2023 నవంబరు 7న అమెరికాలో, కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో 1942 నాటి భారీ చెక్క హ్యాంగర్ (గాలినౌకలు నిలిపే షెడ్డు) కాలిపోయింది. అక్కడా ఆస్బెస్టాస్ ముక్కలు ఇళ్ళ మీద పడ్డాయి, బడులు మూశారు, శిథిలాలను ముట్టుకోవద్దని జనాన్ని హెచ్చరించారు. ఆ వివరాలు చదివి, మన దగ్గర ఏమేం అడగాలో రాసి అధికారుల ముందు పెట్టింది వీళ్ళే. బడి తెరిచేముందు తరగతి గదుల్లో కూడా గాలి పరీక్ష చేయించాలని పట్టుబట్టారు. పంపుతో గాలిని ఫిల్టరు మీదకి లాగి, సూక్ష్మదర్శినిలో పోగులు లెక్కపెట్టే పరీక్ష అది. మిల్లీలీటరు గాలికి 0.01 పోగు కంటే తక్కువ ఉండాలన్నది చాలాచోట్ల వాడే హద్దు. మన బడి ఆ పరీక్షలో గట్టెక్కింది.

గదులిచ్చి ఆదుకున్న బంధువులకు, భోజనాలు పంపినవాళ్ళకు, మూలింటి పెద్దాయనకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు రోజూ ఫోను చేసి కిటికీలు మూశారా అని అడిగింది ఆయనే.

ఒక మాట మిగిలింది. వానలకు పొదల్లోంచి ఇంకా రేకు ముక్కలు బయటపడుతున్నాయి. కనిపిస్తే ముట్టుకోకండి, వీలైతే పైన తడిబట్ట కప్పి, పిల్లల్ని దూరంగా ఉంచి కాలనీ సంఘానికి చెప్పండి. శుభ్రం చేసిన కార్మికులందరి పేర్లూ రికార్డులో ఎక్కించి, పనిలో ఉన్నా మానేసినా ఏళ్ళ తరబడి వాళ్ళకు ఉచిత వైద్య పరీక్షలు జరపాలని ఒక అర్జీ రాశాం. కాగితం సంఘం ఆఫీసులో ఉంది. ఆదివారం లోపల వచ్చి సంతకం పెట్టండి, సోమవారం దాన్ని అందజేయబోతున్నాం.