ఆర్డర్ ఉంది, బిడ్డ మాత్రం రాలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

విడాకుల వార్తలన్నీ కస్టడీ ఎవరికి వచ్చిందన్న దగ్గరే ఆగిపోతాయి, ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. ఫలానా వారం, ఫలానా గంటల్లో బిడ్డను చూడొచ్చని కోర్టు రాసిస్తుంది. ఆ రోజు వస్తుంది, బిడ్డ రాడు. ఫోన్ చేస్తే ఒంట్లో బాగోలేదంటారు, ఇంకో వారం పరీక్షలంటారు, తర్వాత వాడికే రావాలని లేదంటారు, చివరికి ఫోనే ఎత్తరు. లాయర్‌ని అడిగితే మళ్లీ పిటిషన్ వేద్దామంటారు. నోటీసు అందాలి, అవతలి వాళ్లు కౌంటర్ వేయాలి, వాయిదాలు పడాలి, తీరా జడ్జి గారు ఇకనైనా పంపండి అనేసరికి ఆ పిల్లాడి పుట్టినరోజు ఒకటి వెళ్లిపోయి ఉంటుంది.

నేను బిడ్డను పంపాల్సిన వైపు ఉన్న తల్లిని. ఒకప్పుడు నేనూ ఆపాను. మా బాబుకు జ్వరమని వరసగా రెండుసార్లు చెప్పాను, వాడికి ఏ జ్వరమూ లేదు, వాళ్ల నాన్న మీద కోపంతో చెప్పాను. ఎవరూ ఏమీ అడగలేదు. మూడోసారి ఆయన ఫోన్ చేసినప్పుడు నేను నోరు తెరవకముందే వాడే ఫోన్ తీసుకుని "నాకు జ్వరం నాన్నా" అన్నాడు. ఆ రోజు నాకు పట్టిన వణుకు ఇప్పటికీ గుర్తుంది. మొదటిసారి ఆపినప్పుడే రెండు రోజుల్లో ఎవరైనా ఫోన్ చేసి, ఎందుకు పంపలేదమ్మా, ఈ వారం రావాల్సింది వచ్చే వారం కలిపి పంపండి అని ఉంటే నేను అక్కడే ఆగిపోయేదాన్ని. జైలూ అక్కర్లేదు, జరిమానా అక్కర్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. చిన్నదైనా సరే, చర్య వెంటనే ఉండాలి. దేశదేశాల్లో పెద్ద పెద్ద శిక్షలే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బిడ్డను అప్పగించకపోతే ఏడాది జైలు, 15,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. ఇంగ్లండ్‌లో సరైన కారణం లేకుండా ఆర్డర్ మీరితే 40 నుంచి 200 గంటల దాకా జీతం లేని పని చేయించవచ్చు. కానీ బిడ్డను పెంచుతున్న మనిషినే జైల్లో పెట్టమని ఏ జడ్జికి మనసొప్పుతుంది? ఆ శిక్ష సగం బిడ్డ మీదే పడుతుంది, అందుకే ఇలాంటివి అంత తొందరగా వాడరు, వాడరన్న సంగతి ఆపేవాళ్లకీ తెలుసు. నాకు నచ్చింది ఆస్ట్రేలియా చట్టంలోని ఒక మాట, పోగొట్టిన సమయానికి బదులు సమయం ఇప్పించడం. పోయింది బిడ్డతో గడపాల్సిన సమయం కాబట్టి తిరిగి రావాల్సింది కూడా అదే.

ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడానికి ఫిన్లాండ్‌లో ఒక తండ్రి కేసు చాలు. భార్య చనిపోయాక ఆయన పసిబిడ్డను కొంతకాలం చూసుకోమని అత్తమామలకు అప్పగించాడు, వాళ్లు తిరిగి ఇవ్వలేదు, కలవనివ్వమని కోర్టులు చెప్పినా వినలేదు. ఏళ్ల తరబడి తిరిగాక 1994లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, ఆ ఆర్డర్లు అమలు చేయించకపోవడం ఫిన్లాండ్ తప్పేనని తీర్పిచ్చింది. అప్పటికే ఆ పిల్ల ఎదిగిపోయింది, తన ఇష్టానికి వ్యతిరేకంగా కలపలేమని అక్కడి కోర్టు తేల్చేసింది. ఆయన గెలిచాడు, కూతురు మాత్రం దూరమైపోయింది.

"వాడికే రావాలని లేదు" అన్న మాట దగ్గర జాగ్రత్త కావాలి. ఒక్కోసారి అది నిజమే. ఆ ఇంట్లో కొట్టి ఉండొచ్చు, భయపెట్టి ఉండొచ్చు, అలాంటప్పుడు ఆ బిడ్డను బలవంతంగా పంపడం పాపం. ఒక్కోసారి వెళ్తే అమ్మ ఏడుస్తుందని వాడు రానంటాడు. ఏది ఏమిటో తేల్చడానికి పిల్లలతో మాట్లాడడం తెలిసిన కౌన్సెలర్ కావాలి, అదీ నెలల తర్వాత అయితే లాభం లేదు. అనుమానం ఉంటే ఎవరో ఒకరు పక్కన ఉండగా కలిపించవచ్చు. పోలీసులను పంపి ఏడుస్తున్న పిల్లాడిని లాక్కురావడం మాత్రం వద్దు, ఆ దృశ్యం వాడి మనసులోంచి ఎప్పటికీ పోదు. మెయింటెనెన్స్ కట్టలేదని బిడ్డను ఆపేవాళ్లూ, బిడ్డను చూపించలేదని మెయింటెనెన్స్ ఆపేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే, దానికీ దీనికీ ముడిపెట్టకూడదు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. వస్తానని రాని వాళ్ల మాటేమిటి? ఆర్డర్ తెచ్చుకుని, రెండు నెలలు వచ్చి, తర్వాత మానేస్తారు. బిడ్డ బ్యాగు సర్దుకుని గుమ్మం దగ్గర కూర్చుంటాడు. పంపని తల్లి మీద పిటిషన్ వేయొచ్చు గానీ, రాని తండ్రిని రప్పించమని కోర్టు గుమ్మం ఎక్కేవాళ్లను నేను చూడలేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం, బిడ్డ మేలుకు విరుద్ధమైతే తప్ప, తల్లిదండ్రులిద్దరితో కలుస్తూ ఉండడం బిడ్డ హక్కు అని రాసింది. బిడ్డ హక్కే అయినప్పుడు పంపని వాళ్లనూ రాని వాళ్లనూ ఒకేలా అడగాలి కదా.

మీకు నాదొక విన్నపం. కస్టడీ తీర్పు గురించి వార్త వేసినప్పుడు, ఆర్నెల్ల తర్వాత పేర్లు రాయకుండా అయినా సరే, ఆ ఆర్డర్ అమలవుతోందా, బిడ్డ అవతలి వాళ్లను ఎన్నిసార్లు కలిశాడు అని ఒకసారి కనుక్కుని రాయండి.

ఇట్లు,
ఒక తల్లి