సీసా డిపాజిట్టు ఎక్కడిచ్చినా తిరిగి రావాలి

సంపాదకులకు,

తిరుమల కొండపై ప్లాస్టిక్ నీళ్ల సీసాలను నిషేధించి గాజు సీసాలు తెచ్చిన నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా సమర్థించేవారిలో నేనొకణ్ణి. మెట్లదారి పక్కన పొదల్లో పేరుకుపోయిన ప్లాస్టిక్ సీసాలను ఒకప్పుడు కళ్లారా చూసినవారెవరూ ఆ నిషేధాన్ని తప్పుపట్టరు. నా ఆవేదనంతా గాజు సీసాపై తీసుకునే డిపాజిట్టు కొన్నవారి చేతికి తిరిగి రావడంలో ఉన్న ఇబ్బంది గురించే.

కిందటి నెల మేం నలుగురం అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాం. దారిలో ఒక దుకాణంలో సీసా 50 రూపాయల చొప్పున నాలుగు కొన్నాం. అందులో 20 రూపాయలు నీళ్లకు, 30 రూపాయలు సీసాకు అని, ఖాళీ సీసా ఇస్తే ఆ 30 వెనక్కి ఇస్తామని చెప్పారు. 3,550 మెట్ల ఆ దారిలో నీళ్లు అయిపోయేసరికి దుకాణం ఎక్కడో కింద ఉండిపోయింది. పైన రెండు మూడు చోట్ల అడిగితే, కొన్నచోటే ఇచ్చుకోవాలన్నారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మను వదిలి 120 రూపాయల కోసం మళ్లీ మెట్లు దిగలేక, సీసాలను అక్కడే ఒక గోడ పక్కన పెట్టి వచ్చేశాం. 80 రూపాయల నీళ్లకు 200 పెట్టినట్లయింది. లెక్కపెట్టుకుని డబ్బు తెచ్చుకునే పేద కుటుంబానికి ఇది చిన్న భారం కాదు.

చిల్లర దుకాణదారులను నిందించడం నా ఉద్దేశం కాదు. తాను అమ్మని సీసాకు జేబులోంచి 30 రూపాయలు ఇస్తే ఆ మొత్తం తిరిగి వస్తుందన్న భరోసా లేనప్పుడు ఎవరైనా వెనకాడతారు. ఆ భరోసా ఏర్పాటులోనే ఉండాలి. జర్మనీలో ఒకసారి వాడి పారేసే పానీయాల సీసాలు, డబ్బాలపై 2003 నుంచి డిపాజిట్టు ఉంది. ఇప్పుడది 25 సెంట్లు. ఎక్కడ కొన్నా సరే, ఆ రకం సీసాలు అమ్మే మరో పెద్ద దుకాణంలో ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. మన పొరుగున తమిళనాడులోని నీలగిరి జిల్లాలోనూ మద్రాసు హైకోర్టు ఆదేశాల తర్వాత 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి ఇస్తున్నారు.

కాబట్టి కొండపైన, మెట్లదారిలో, బస్సులు బయలుదేరే చోట ఎవరి సీసానైనా తీసుకునే కేంద్రాలు పెట్టాలని, డిపాజిట్టు ఎంతో సీసాపైనే స్పష్టంగా ముద్రించాలని, ఖాళీ సీసాలను అప్పగించిన దుకాణదారుకు అదే రోజు డబ్బు చెల్లించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. భక్తులు తిరిగి తీసుకోలేకపోయిన డిపాజిట్ల మొత్తం ఏటా ఎంత మిగులుతోందో, అది ఎవరి ఖాతాకు చేరుతోందో కూడా ప్రకటించాలి.

— ఒక పాఠకుడు, నెల్లూరు