కామెంట్లు మనవి, పెత్తనం వాళ్లది

ఎడిటర్ గారికి,

నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల సైట్ చూసేది నేనే. కామెంట్ల కోసం ఒక ఫ్రీ సర్వీసు పెట్టా (పేరు వద్దులెండి), నాలుగు లైన్ల కోడ్ అతికిస్తే అయిపోయింది అనుకున్నా, కానీ ఆర్నెల్లకి ఒక పెద్దాయన సంతాపం పోస్టు కిందే పొట్ట తగ్గించే యాడ్ వచ్చింది, వాళ్ల అమ్మాయి ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలీలేదండీ.

అసలు విషయం ఏంటంటే ఆ కామెంట్లు మన సర్వర్లో ఉండవు, ఆ సర్వీసు వాళ్ల దగ్గరుంటాయి. పేజీ తెరవగానే వాళ్ల స్క్రిప్ట్, దాంతో ట్రాకర్లు (ఎవరు ఏం చూస్తున్నారో గమనించే కోడ్) కూడా లోడ్ అవుతాయి, కామెంట్ రాయకపోయినా సరే! ఇలాంటి కామెంట్ల సర్వీసే డిస్కస్, 2007లో మొదలైన దాన్ని 2017లో జీటా గ్లోబల్ అనే మార్కెటింగ్ కంపెనీ కొనుక్కుంది, 2021లో నార్వే డేటా రక్షణ సంస్థ పాఠకుల్ని అనుమతి లేకుండా ట్రాక్ చేశారని డిస్కస్‌కి 2.5 కోట్ల క్రోనర్ల ఫైన్ వేస్తామని నోటీసిచ్చింది.

మన తెలుగు సైట్లవాళ్లు కనీసం నెలకోసారి కామెంట్లు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో అయితే సొంత కామెంట్ల పెట్టె ఎలాగూ ఉంది, స్పామ్ ఏరడమే కాస్త తలనొప్పి, నేను మాత్రం దానికే మారిపోయా.

ఇట్లు,
మీ పాఠకుడు, బెంగళూరు