క్యారియర్ ఇల్లు చేరింది, అందరికీ కృతజ్ఞతలు

అమ్మ దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా ఉండిపోయిన మూడు గిన్నెల స్టీలు క్యారియర్ పోయిన ఆదివారం కాకినాడలో సొంతదారు చేతికి చేరింది. వెతకడానికి సాయం చేసినవాళ్ళలో కొందరికి ఫోన్ చేసి చెప్పాను. నంబర్లు దొరకనివాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే ఇది.

1991 మే 21, మంగళవారం రాత్రి. అర్ధరాత్రి దాటాక విశాఖ కాంప్లెక్సులో మామయ్య అమ్మని, నన్ను, ఎనిమిది నెలల చెల్లిని ఏలూరు బస్సెక్కించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పటికే శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ చనిపోయి రెండు గంటలు దాటింది. బస్సులో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున, ఇంకా తుని రాకముందే, హైవే పక్క ఊళ్ళో బస్సు ఆగిపోయింది. "రాజీవ్ గాంధీని చంపేశారంట. ఇంక ముందుకెళ్ళలేనమ్మా, అద్దాలు మిగలవు" అన్నాడు డ్రైవరు. మగవాళ్ళు తలో దారి చూసుకున్నారు. అమ్మ సూట్‌కేసు మీద కూర్చుని చెల్లిని ఒళ్ళో వేసుకుంది. ఎదురింటి ముందు కల్లాపి చల్లుతున్న ఆవిడ బకెట్ కింద పెట్టి వచ్చింది. "పసిపిల్లతో రోడ్డు మీద ఎన్నాళ్ళు కూర్చుంటావు, లోపలికి రా" అంది.

నిజంగానే "ఎన్నాళ్ళు" అంది. మూడు రోజులున్నాం.

కొట్లన్నీ మూసేశారు. చెల్లికి పాలు మాత్రం ఏ పూటా ఆగలేదు, ఆ ఇంటి పెద్దనాన్నగారు వెనక వీధిలో గేదెలున్న ఇంటికెళ్ళి తెచ్చేవారు. అవి ఆవకాయ రోజులు. ముందురోజే ముక్కలు కొట్టి పెట్టుకున్నారట, ఎవరు పోయినా కొట్టిన ముక్కలు ఆగవు కదా. అమ్మ కూడా కూర్చుని ముక్కలు తుడిచింది. 24న వీధి వీధంతా ఆ ఇంట్లోకే వచ్చి బ్లాక్ అండ్ వైట్ టీవీలో అంత్యక్రియలు చూసింది. రాహుల్ చితికి నిప్పు పెడుతుంటే వెనకనుంచి ఎవరో "పిల్లోడే" అన్నారు. నాకు బాగా గుర్తున్నది ఆ మాటా, గదినిండా ఆవపిండి ఘాటూ.

25న బస్సులు కదిలాయి. దారిలో తినమని క్యారియర్ నిండా పెట్టిచ్చింది మమ్మల్ని లోపలికి పిలిచిన ఆ పెద్దమ్మగారు. హడావిడిలో ఇంటిపేరు కూడా అడగలేదు. క్యారియర్ మూత మీద రెండు పొడి అక్షరాలు, "గృహప్రవేశం 1987" అని మాత్రం చెక్కి ఉంది. తర్వాత ఒకసారి వెళ్ళాం. హైవే వెడల్పులో ఆ వరస ఇళ్ళే పోయాయి.

పోయిన నెల ఆ మూత ఫొటో పెట్టి, ఎవరైనా గుర్తుపట్టగలరా అని అడిగాను. ఫోన్ చేసినవాళ్ళు ఒక్కరూ నేరుగా క్యారియర్ సంగతికి రాలేదు. "ఆ రాత్రి నేనెక్కడున్నానంటే" అనే మొదలుపెట్టారు.

విశాఖ నుంచి మాట్లాడిన రిటైర్డ్ బ్యాంకు ఆయన ఆ సాయంత్రం రాజీవ్‌ని చూడ్డానికి వెళ్ళి వచ్చి హాయిగా నిద్రపోయారట. విశాఖలో విమానానికి ఏదో లోపం వచ్చి ప్రయాణం ఆగిపోతుందనుకున్నారు, అంతలోనే బాగైంది, రాజీవ్ మద్రాసు బయల్దేరారు. "బాగవకపోయినా బాగుండేదండీ" అని ఆయన ఇప్పటికీ అంటున్నారు. అప్పుడు మద్రాసులో నర్సింగ్ చదువుతున్న ఒకావిడ, వార్డెన్ గేటుకి తాళం వేసి తెలుగు పిల్లల్నీ తమిళ పిల్లల్నీ ఒకే హాల్లో పడుకోబెట్టిందని చెప్పారు. ఆవిడకి తుని ఎక్కడుందో కూడా తెలియదు. అయినా అరగంట మాట్లాడారు. ఆవిడకీ కృతజ్ఞతలు.

దారి చూపినవాళ్ళు ముగ్గురు. ఆ రాత్రి ఆ రూట్లోనే డ్యూటీలో ఉన్న రిటైర్డ్ కండక్టరుగారు బస్సులు ఎక్కడెక్కడ ఆగాయో ఊళ్ళ పేర్లు వరసగా చెప్పారు. తునిలో గిన్నెల మీద పేర్లు కొట్టే తాతగారు ఫొటో చూసి, "ఈ 'గృ' మా నాన్న చేతిదే, మెషీన్‌కి ఈ వంపు రాదు" అన్నారు. దాంతో గిన్నె తునిలోనే కొన్నదని తేలింది. ఆ రెండూ పట్టుకుని ఒక రిటైర్డ్ మాస్టారు తన పాత శిష్యుల్ని కదిపి, నాలుగు రోజుల్లో పెద్దమ్మగారి అమ్మాయి నంబరు ఇచ్చారు. మాస్టారూ, మీ ఓపికకి నమస్కారం.

పేర్లు రాయొద్దని ఆ కుటుంబం కోరింది, రాయడం లేదు. పెద్దనాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన్ని చూడలేకపోయామని అమ్మ దారంతా బాధపడింది.

గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ ఒక గిన్నెలో సున్నుండలు, ఒకదాన్లో జంతికలు, ఇంకోదాన్లో ఈ ఏటి ఆవకాయ పెట్టింది. పెద్దమ్మగారికి మేము వెంటనే గుర్తు రాలేదు. "ఆ మూడు రోజులూ ఇంటినిండా బస్సు జనమేనమ్మా, ఎవరని గుర్తుంటారు" అంది. అమ్మ ముఖం కొంచెం చిన్నబోయింది. తర్వాత మూత తీసి, ఆవకాయ వేలితో రుచి చూసి, అమ్మ వైపు తిరిగింది.

"ఆ ఏడు ఉప్పు కొలిచింది నువ్వు కాదూ? జాడీ జాడీ అంతా బూజు పట్టింది."