డీజే పాటలన్నీ ఒక్కలాగే ఎందుకుంటున్నాయి?

సంపాదకుల వారికి నమస్కారం.

బోనాలు, నిమజ్జనం, పెళ్లిళ్ల సీజన్ వచ్చాయంటే డీజే మోత మీద ఉత్తరాలు రావడం మామూలే. మోత సంగతి పోలీసులు చూసుకుంటారు. ఆ పాటలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఎందుకుంటున్నాయని మాత్రం ఎవరూ అడగరు. అదే కిక్ (లోతైన డ్రమ్ దెబ్బ), అదే స్నేర్ రోల్ (వేగంగా కురిసే చిన్న డ్రమ్ దెబ్బలు), అదే చోట ఆగి అదే చోట పడే డ్రాప్ (పాట ఒక్కసారిగా పూర్తి జోరందుకునే చోటు). నేరం శాంపిల్ ప్యాకుల (ముందే రికార్డు చేసి ఉంచిన శబ్దాల) మీదికో, పాటలు కట్టే ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్ మీదికో నెట్టేయడం తేలిక. కానీ సరుకు ఒకటే అయినా వంట వేరుగా చేసినవాళ్లున్నారు. తేడా వాళ్లు విన్నదాంట్లో ఉంది.

చరణ్‌జిత్ సింగ్ సంగతే చూడండి. బొంబాయిలో హిందీ సినిమా రికార్డింగులకు వాయించిన కళాకారుడాయన. 1982లో పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఒక ఎల్‌పీ తెచ్చారు. వాడినవి మూడు రోలాండ్ యంత్రాలు: టీఆర్-808 డ్రమ్ మెషిన్, టీబీ-303 బేస్ మెషిన్, జూపిటర్-8 సింథసైజర్. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక విదేశీ శ్రోతలు నోరెళ్లబెట్టారు. ఎందుకంటే షికాగోలో యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతపు బాణీకి దారి తీసిన రికార్డు అదే 303తో బయటికొచ్చింది 1987లో!

ఆ 303ని రోలాండ్ తయారుచేసింది గిటారిస్టుల సాధనకు బేస్ తోడుగా. ఆ పనికి అది సరిగ్గా అక్కరకు రాలేదు, 1984కల్లా తయారీ ఆగిపోయింది. దాంట్లో స్వరాలు నింపే గళ్లు, అంటే మెట్లు, పదహారు. ఒక్కో మెట్టుకు స్వరం, యాక్సెంట్ (గట్టి ఊనిక), స్లైడ్. స్లైడ్ పెడితే ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారుతుంది. రాగం విన్న చెవికి అది మీండ్‌లా (హిందుస్తానీలో స్వరం మీంచి స్వరానికి జారే గమకంలా) తోస్తుంది. నిజానికి మీండ్ కాదు. స్వరాల మధ్య దూరం ఎంతైనా యంత్రం జారడానికి పట్టే సమయం దాదాపు ఒకటే. గాయకుడికైతే ఆ సమయంలోనే రాగమంతా ఉంటుంది. యంత్రం మీండ్ పలకబోయి పలకలేక ఇంకేదో పలికింది. ఆ ఇంకేదో కొత్తది.

అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతం వెనకా ఇలాంటి కథే. అక్కడ ఎలక్ట్రిఫైయింగ్ మోజో అనే రేడియో వ్యాఖ్యాత జర్మనీ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌నీ, పార్లమెంట్ అనే బృందం ఫంక్ పాటల్నీ, గాయకుడు ప్రిన్స్‌నీ ఒకే కార్యక్రమంలో వినిపించేవాడు. జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అది వింటూ పెరిగి టెక్నోను పుట్టించిన కుర్రాళ్లు.

అలాగని నాలుగు రకాలు విని నాలుగూ అతికిస్తే సరిపోదు. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే: కిక్ మీద వీణ లూప్ (పదే పదే తిరిగే ముక్క) అంటించి 'ఫ్యూజన్' అనడం. మోహనం తీసుకోండి, షడ్జమం సి అనుకుందాం. స్వరాలు ఐదే: స రి గ ప ద. దాని కింద అలవాటుగా వాడే సి, జి, ఎ మైనర్, ఎఫ్ తీగలు (కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు) వేస్తారు. జి తీగలో నిషాదం ఉంది, ఎఫ్ తీగలో మధ్యమం ఉంది. రెండూ మోహనంలో లేనివే. నాలుగు బార్లు (నాలుగేసి దెబ్బల ఆవర్తాలు) తిరిగేసరికి మోహనం కాస్తా శంకరాభరణం ఛాయలోకి జారిపోతుంది, పాట ఎక్కడో విన్నట్టే ఉంటుంది. పైగా వీణ రెండున్నర శ్రుతిలో రికార్డయి, పాట ఇంకో శ్రుతిలో ఉంటే లూప్‌ను ఆ శ్రుతికి లాగుతారు. మూడు నాలుగు స్వరస్థానాలు లాగితే గమకం నలిగి ప్లాస్టిక్ వాసన వేస్తుంది. తీగలు మార్చకుండా బేస్‌ను షడ్జమం మీదే నిలిపి, మార్పంతా ఫిల్టర్‌తో (శబ్దపు పదును పెంచి తగ్గించే మీటతో), లయతో చేస్తే రాగం బతుకుతుంది.

విన్నదాంట్లోంచి తెచ్చుకోవాల్సింది శబ్దాన్ని కాదు, అది నడిచే లెక్కని. మృదంగం వినేవాడికి ముక్తాయింపు తెలుసు: ఒక ముక్కను మూడుసార్లు వాయించి సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద దిగడం. డ్రాప్ ముందు ఊదరగొట్టే స్నేర్ రోల్ తీసేసి అక్కడ దీన్ని పెట్టి చూడండి. రెండు బార్లంటే పదహారోవంతు గళ్లు 32. 'తకిట తకిట తకదిమి' అంటే 10. మూడుసార్లు 30, మధ్యలో ఒక్కో గడి చొప్పున రెండు విరామాలు. మొత్తం 32, తర్వాతి దెబ్బ సమం, అదే డ్రాప్. 128 బీపీఎంలో (నిమిషానికి 128 దెబ్బల వేగంలో) ఇదంతా మూడు ముప్పావు సెకన్లు. ఇక్కడ చెడేవి రెండు. ఒకటి రివర్బ్ (కలిపే ప్రతిధ్వని): విరామం సెకనులో ఎనిమిదో వంతు కూడా ఉండదు, తోక పొడవైతే అది పూడిపోయి మూడు ముక్కలూ ఒకే గోలవుతాయి. రెండోది కిక్. అది నిండు మోతతో ఉంటే ముక్క వినబడదు, పూర్తిగా తీసేస్తే తాళం దొరక్క ఆడేవాళ్లు ఆగిపోతారు. కిక్ ఆపి, బీటు బీటుకీ ఒక సన్నని హైహ్యాట్ (చిన్న ఇత్తడి పళ్లేల చప్పుడు) ఉంచాలి. అది తాళం వేసే చెయ్యి.

డప్పు విషయంలోనూ ఇంతే. తిశ్ర నడక (బీటుకు మూడు భాగాలు) దరువును బార్‌కు పదహారు గళ్లలో కుక్కితే నడక కుంటుతుంది. ఎఫ్ఎల్‌లో పియానో రోల్ (స్వరాలు పెట్టే పట్టిక) స్నాప్‌ను, అంటే గళ్ల కొలతను, బీటులో మూడోవంతుకు మార్చాలి. ఏబుల్టన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, 3 కలిపి నొక్కితే చాలు. ప్యాకులో దొరికే డప్పు కన్నా సొంతంగా రికార్డు చేసుకున్నది మేలు. తోలు డప్పును మంటకు కాస్తారు కదా, కాచగానే బిగిసి శ్రుతి పెరుగుతుంది, చల్లారేకొద్దీ దిగుతుంది. కాచిన వెంటనే దెబ్బలన్నీ తీసుకోవాలి. వేడి మీద తీసినదీ చల్లారాక తీసినదీ కలిపితే రెండు డప్పుల్లా వినిపిస్తాయి. మైకు మీటరు దూరంలో, 24 బిట్‌లో, శిఖరం (అతి గట్టి శబ్దం) మైనస్ 12 డీబీ దాటకుండా. చిర్ర (కుడిచేతి పొట్టి కర్ర) దెబ్బలు గట్టివి, నడిమివి, మెల్లనివి ఐదేసి. సిటికెన పుల్లవి (ఎడమచేతి సన్న పుల్లవి) వేరుగా. ఒకే దెబ్బను కాపీ కొడుతూ పోతే కుట్టు మిషన్ నడిచినట్టుంటుంది.

వినడానికీ ఒక పద్ధతుంది. వారానికి ఒక్కటి చాలు, అలవాటు లేనిది. మొదటిసారి ఊరికే వినాలి. రెండోసారి లయ లెక్క రాసుకోవాలి: ఎన్నింటికి తిరుగుతోంది, ఎక్కడ ఆగుతోంది. మర్నాడు ఆ పాట మళ్లీ వినకుండా, జ్ఞాపకం మీద ఎనిమిది బార్లు కట్టాలి. జ్ఞాపకం ఎక్కడ తప్పుతుందో అక్కడ మన సొంతం దూరుతుంది. పాట పక్కన పెట్టుకుని కడితే మిగిలేది నకలే.

యాప్‌లు ఈ పని చేయవు. నిన్న విన్నదాని తమ్ముడినే ఇవాళ వినిపిస్తాయి. ఆకాశవాణి అలా కాదు. భక్తిరంజని, జానపద గేయాలు, లలిత సంగీతం, శాస్త్రీయ కచేరీ మనల్ని అడక్కుండానే వరసగా చెవిలో వేస్తుంది. హైదరాబాద్, విజయవాడ కేంద్రాలు ఇప్పుడు ఫోన్లోనూ వస్తాయి. ఏ కచేరీ ఎన్నింటికో తెలిస్తేగా కుర్రాళ్లు పెట్టేది! ఒకప్పుడు తెలుగు పత్రికలు ఏ రోజు రేడియో కార్యక్రమాలు ఆ రోజు అచ్చేసేవి. మీరు ఆ పట్టిక మళ్లీ మొదలుపెట్టండి. బంగారం ధరల పక్కన నాలుగు అంగుళాల చోటు చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్