కవరు చూసి కంగారు పడకు

చిరంజీవి అమ్మలుకు నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఇన్‌ల్యాండు కవరు చూసి కంగారు పడకు. మెసేజీ పెడితే నువ్వు చూశావో లేదో తెలియడం లేదు, అందుకని.

విశేషాలేం లేవు. మీ అమ్మ మోకాలికి కొత్త తైలం తెప్పించింది, ఇల్లంతా కర్పూరం వాసన. పెరట్లో మునగచెట్టు ఒరిగింది. వాట్సాప్‌లో నీ పేరు కింద లాస్ట్ సీన్ కనబడక 12 రోజులైంది. నేను లెక్కపెట్టలేదు, మీ అమ్మ అంది. నేను పెట్టినవాటికి నీలం టిక్కులూ లేవు. మధ్యలో ఒక్కసారి బొటనవేలి బొమ్మ పంపావు. "పిల్లలు అది దాచారంటే ఏదో ఉన్నట్టే అన్నయ్యా" అని కనకం అత్త ఒక మాట పడేసి పోయింది. ఆవిడ సంగతి నీకు తెలుసుగా. నేను పట్టించుకోలేదు.

అసలు రాద్దామనుకున్నది శేషు మామయ్య సంగతి. ఆయనకి వాట్సాప్‌లో పెళ్ళి పిలుపొచ్చింది, తెలిసిన నంబరు నుంచే. కార్డు ఫొటో కాదు, ఫైలు. పేరు చివర ఏపీకే అని ఉంది, అంటే నొక్కితే ఫోనులోకి యాప్ ఎక్కించేది. పెళ్ళెవరిదో చూద్దామని నొక్కాడు. ఇది ప్రమాదం, వద్దు అని ఫోనే మొత్తుకుంది. కళ్ళజోడు దగ్గర లేదు, సరే అన్నాడు. నీ మెసేజీలు చదవనా అంటే దానికీ సరే అన్నాడు. ఇంత చేసినా కార్డు తెరుచుకోలేదు. భోంచేసి ఓ కునుకు తీసి లేచేసరికి బ్యాంకులో 48,000 లేవు. ఓటీపీలు ఆయన ఫోనుకే వచ్చాయి, ఆయనకంటే ముందు ఆ దొంగ యాప్ చదివేసింది. పైగా అదే పిలుపు ఈయన నంబరు నుంచి గ్రూపులన్నిటికీ పోయింది. సాయంత్రం పురోహితుడు ఫోను చేసి, "నాకు తెలీకుండా ముహూర్తం ఎవరిచేత పెట్టించారు?" అని నిష్ఠూరం. వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చెయ్యాలా, పరువు పోతుందని తెల్లారేదాకా అత్తయ్యకు కూడా చెప్పలేదు మహానుభావుడు.

ఆ రాత్రే నా ఫోను ముందేసుకుని కూర్చున్నా. వాట్సాప్‌కి ఆరంకెల పిన్ను పెట్టా. నీ పుట్టినరోజు కాదులే. ప్రైవసీ అన్నచోట కనబడ్డవన్నీ బిగించేశా. నువ్వూ చెయ్యి. హాస్టలావిడకి ఆధార్ జిరాక్సు ఇచ్చావా? మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంటుంది, చివరి నాలుగంకెలే కనబడతాయి, ఈసారి ఎవరడిగినా అదివ్వు. నీకు డబ్బు పంపుతున్నాం, యూపీఐ పిన్ను కొట్టు అంటే కొట్టకు. మనకి డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు. ఇవన్నీ తెలుసు నాన్నా అంటావు. శేషు మామయ్యా తెలుసనే అన్నాడు. రాత్రిళ్ళు పెరుగన్నం తింటున్నావా?

సంబంధం మాటెత్తినందుకు కోపమైతే, ఎత్తింది మీ అమ్మ. నేను పక్కన కూర్చున్నానంతే.

ఇక్కడ ఆపి ఫోను షాపుకెళ్ళొచ్చా, అందుకే సిరా మారింది. ఫోను నత్తలా నడుస్తోందని చూపిస్తే, స్టోరేజీ నిండిపోయిందన్నాడు కుర్రాడు. తెరిస్తే 9 జీబీ శుభోదయాలే, సగం కనకం అత్తవి. తుడిచేశాడు. వస్తూ వస్తూ, ఏదో ఊరికే అడిగినట్టు, మా అమ్మాయి లాస్ట్ సీన్ కనబడదేం బాబూ అన్నా. నా ఫోనే అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "దాచింది మీరే సార్. మీది దాచుకుంటే ఎదుటివాళ్ళదీ మీకు కనబడదు. నీలం టిక్కులూ అంతే." ఆ రాత్రి బిగించినవాటిలో ఇవీ ఉన్నాయన్నమాట. మీ అమ్మకి చెప్పా. ఆవిడ ఏమందో రాయను.

పొద్దున్నే పాలబ్బాయి రాకముందే లేచి చూశా. కనబడుతోంది. రాత్రి 2:40 అని ఉంది.

అంత రాత్రిదాకా మెలకువేంటే? ఆఫీసు పనా, ఒంట్లో బాగోలేదా? ఆదివారం బస్సుకి సున్నుండల డబ్బా పెడుతున్నా, డ్రైవరు నంబరు మెసేజీ చేస్తా. చూశావంటే ఈసారి నాకు తెలుస్తుంది.

నాన్న